ఎండాకాలంలో మదర్‌బోర్డు మొరాయిస్తే...

మేము ఈ హాస్టల్లో తొమ్మిదో తరగతి చదివేటప్పుడు, ఏప్రిల్ ఎండల్లో ఆఫీసు గదిలోని ఒక్కగానొక్క కంప్యూటరు ఆగిపోయింది. చూడ్డానికి వచ్చినతను మూత కూడా తీయకుండా "బోర్డు పోయింది" అన్నాడు. కొత్తది కొనే డబ్బుల్లేక దాన్ని మూలన పెట్టారు. మా బ్యాచ్‌లో చాలామందిమి డిగ్రీలో చేరేదాకా మౌస్ పట్టుకోలేదు. మీకలా జరగకూడదని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాం.

ప్రాసెసర్ చుట్టూ చిన్న డబ్బాల్లా నిలబడి ఉండేవి ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లు. ప్రాసెసర్‌కు అందే వోల్టేజిని నిలకడగా ఉంచడానికి ఇవి తోడ్పడతాయి. వీటిలో ఉండే ద్రవం వేడికి క్రమంగా ఆరిపోతుంది. వేడి 10 డిగ్రీలు పెరిగితే వీటి ఆయుష్షు దాదాపు సగమవుతుందని ఇంజనీర్ల లెక్క. బయటే 45 డిగ్రీలుంటే, దుమ్ము పట్టిన క్యాబినెట్ లోపల ఇంకెంత ఉంటుందో ఆలోచించండి.

ముందు లక్షణం చూడాలి. పొద్దున బాగా నడిచి మధ్యాహ్నం ఆగిపోతుంటే, అది తనను తాను కాపాడుకోవడం కావచ్చు. ఫ్యాను తిరుగుతోందా, హీట్‌సింక్‌లో దుమ్ముందా, ప్రాసెసర్ మీది పేస్టు ఎండిందా చూడండి. నాలుగైదుసార్లు నొక్కితేగాని ఆన్ కాకపోయినా, పని ఎక్కువైనప్పుడల్లా రీస్టార్ట్ అవుతున్నా కెపాసిటర్లను అనుమానించాలి.

తర్వాత ప్లగ్ తీసి, మూత విప్పి చూడండి. కెపాసిటర్ తల చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమరంగు జిగురులాంటిది కారినా అది పాడైనట్టే. కొన్ని ఉబ్బకుండానే పాడవుతాయి. కొత్త బోర్డుల్లో ఎక్కువగా ద్రవం లేని ఘన కెపాసిటర్లు ఉంటాయి, అవి వేడిని బాగా తట్టుకుంటాయి.

బోర్డును తప్పుపట్టే ముందు ర్యామ్ తీసి, కాంటాక్టులు తుడిచి, మళ్ళీ బిగించండి. వీలైతే వేరే ఎస్‌ఎమ్‌పీఎస్ తగిలించి చూడండి. ఎస్‌ఎమ్‌పీఎస్ డబ్బాను మాత్రం విప్పకండి. ప్లగ్ తీసినా లోపల ప్రమాదకరమైన ఛార్జి మిగిలి ఉంటుంది.

కెపాసిటర్ మార్చాల్సివస్తే మైక్రోఫారడ్ విలువ అదే ఉండాలి, వోల్టేజి అంతే లేదా కాస్త ఎక్కువ ఉండాలి. 105 డిగ్రీల రకం, లో-ఈఎస్‌ఆర్ కావాలని అడగండి. మైనస్ గీత ఎటుందో ముందే గుర్తుపెట్టుకోండి. టంకం పని చెయ్యి తిరిగినవాళ్ళకే అప్పగించండి.

ఆనాటి పెట్టె ఎప్పుడో పాత సామాన్లలో కలిసిపోయింది. అందులో ఏం పాడైందో ఇక తెలిసే దారి లేదు. తమ్ముళ్ళూ, ఈసారి ఎవరైనా "బోర్డు పోయింది" అంటే, "ఏది పోయిందో చూపించండన్నా" అని అడగండి.