బండికి కొత్త టైర్లు

ఎడ్లబండి చక్రానికి ఇనప కమ్మి ఉన్న రోజుల్లో రైతుకి ఈ బెడద లేదు. కమ్మి అరిగితే కమ్మరి కొలిమిలో కాల్చి కొత్తది ఎక్కించేవాడు. ఎండైనా, వానైనా, ఇసకైనా అదే కమ్మి. ఇప్పుడు ఉద్దానంలో కొబ్బరికాయ గాని, జీడిపిక్క గాని, పనసపండు గాని తోట దాటాలంటే పికప్ బండే దిక్కు. ఆ బండికీ భూమికీ ఉన్న సంబంధమంతా నాలుగు రబ్బరు టైర్లు. అవి అరిగినప్పుడు కొత్తవి ఎలా ఎంచుకోవాలో, చదివినదీ టైర్ల షాపులో నిలబడి గమనించినదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇందులో భౌతికశాస్త్రం కొంత ఉంది గాని ఆర్ట్సు మిత్రులు భయపడనక్కరలేదు, కూడికలూ గుణకారాలూ వస్తే చాలు.

మా ఇంట్లో అలాంటి బండి ఒకటుంది. వారంలో నాలుగు రోజులు కాయ మోస్తుంది. రెండు రోజులు తెల్లవారుజామునే మా పెదనాన్నని డయాలసిస్‌కి పలాస తీసుకెళుతుంది. ఉద్దానంలో ఇది ఒక్క మా ఇంటి సంగతి కాదని ఈ సంచిక చదివేవారికి వేరే చెప్పాలా? ఆ ఉదయం బండి దారిలో ఆగిపోతే పోయేది బాడుగ కాదు. అంచేత మా ఇంట్లో టైరు బేరం చవకా ఖరీదా అన్న ఒక్క లెక్కతో తేలదు.

ముందుగా ఒక చిన్న లెక్క. టైరు మీద పడే బరువుని లోపలి గాలి పీడనంతో భాగిస్తే, ఆ టైరు నేలను తాకే వైశాల్యం సుమారుగా వస్తుంది. టైరు మీద 480 కిలోలు, గాలి చదరపు సెంటీమీటరుకి 2.4 కిలోలు (అంటే 35 పౌండ్లకి కాస్త తక్కువ) అనుకోండి. వచ్చేది 200 చదరపు సెంటీమీటర్లు. మనం పరీక్షల్లో రాసే తెల్లకాగితంలో మూడో వంతు! నాలుగు టైర్లూ కలిపినా ఒక కాగితం పైచిలుకు. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, అంతా ఆ కాగితం మీదే.

ఇక ‘ఆల్ సీజన్’ అనే మాట. ఇది మంచు కురిసే దేశాల మాట. అక్కడ వేసవికి ఒక జత, చలికాలానికి ఒక జత టైర్లు వాడతారు. ఉష్ణోగ్రత 7 డిగ్రీలకి దిగితే వేసవి రబ్బరు బిరుసెక్కి పట్టు తగ్గుతుంది. రెండు జతలు మార్చుకోలేనివారికి మధ్యేమార్గంగా వచ్చింది ఆల్ సీజన్ టైరు. ఇచ్ఛాపురంలో 7 డిగ్రీల చలి ఎక్కడిది? టైరు పక్కన కొండా మంచురేకూ బొమ్మ ఉందని ఎవరైనా ఎక్కువ ధర చెబితే, ఆ గుణం మనకి అక్కరలేదు. మన సీజన్లు వేరు. మే నెలలో సలసల కాగే జాతీయ రహదారి, శ్రావణం నుంచి తుపాన్ల దాకా నీళ్లు నిలిచే రోడ్లు, ఏడాది పొడుగునా తోటల్లో ఇసక బాట. మనం అడగవలసిన ‘అన్ని కాలాల’ టైరు ఈ మూడింటినీ తట్టుకునేది.

షాపులో ఎచ్.టి., ఎ.టి., ఎమ్.టి. అని మూడు రకాలు చెబుతారు. మొదటిది తారురోడ్డుకి, రెండోది రోడ్డుకీ మట్టికీ కలిపి, మూడోది బురదకి. ఎమ్.టి. చూపుకి దర్జాగా ఉంటుంది గాని రోడ్డు మీద హోరు, డీజిలు ఖర్చు. రోజూ జాతీయ రహదారి 16 ఎక్కే బండికి అది దండగ. మిగిలిన రెండింటిలో నా మొగ్గు, చుట్టూ నిలువుగా వెడల్పైన గాడులుండి, పక్కగోడ గట్టిగా ఉన్న ఎ.టి. వైపు. కారణం, 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి చెట్లు రోడ్లకి అడ్డంగా పడ్డాయి. నరికిన మొద్దుల మధ్య నుంచి బండి పోవాలంటే ముందు దెబ్బ తినేది పక్కగోడే. అడుగున పంచరైతే అతుకు వేయవచ్చు, పక్కగోడ చిరిగితే ఆ టైరు పనికిరాదు. తోటకి వెళ్లని, రోడ్డు మీదే తిరిగే జీపుకి మాత్రం ఎచ్.టి. చాలు.

గాడులు అందానికి కావు, నీటిని తోడెయ్యడానికి. నీరు పోయే దారి లేకపోతే టైరు దాని మీద తేలుతుంది, స్టీరింగు తిప్పినా బండి తిరగదు. అమెరికాలో నాసా వారు విమానాల టైర్ల కోసం దీన్ని పరిశీలించి 1963లో ఒక సూత్రం ప్రకటించారు. గాలి పౌండ్ల వర్గమూలాన్ని సుమారు 16.6తో గుణిస్తే, గాడులు అరిగిన టైరు నిలిచిన నీటి మీద తేలే వేగం గంటకి కిలోమీటర్లలో వస్తుంది. 35 పౌండ్లుంటే 98. అదే గాలి 25కి దిగితే 83. పాతిక పౌండ్ల గాలితో, బోడి టైరుతో వానలో కంచిలి నుంచి పలాస వచ్చేవాళ్లు ఈ అంకె గుర్తుంచుకోవాలి. చట్టం ప్రకారం గాడి లోతు కనీసం 1.6 మిల్లీమీటర్లుండాలి. గాడి అడుగున చిన్న దిమ్మలుంటాయి, రబ్బరు వాటితో సమానమైతే టైరు అయిపోయినట్టే. వానాకాలానికి ముందే చూసుకోవడం మేలు.

టైరు మీది రాతల్లో చాలామంది సైజు మాత్రం చదివి ఊరుకుంటారు. బొలెరో జీపు టైరు మీద 215/75 ఆర్ 15, 100 ఎస్ అని ఉంటుంది. వెడల్పు 215 మిల్లీమీటర్లు, ఎత్తు అందులో 75 శాతం, ఆర్ అంటే రేడియల్, రిమ్ము 15 అంగుళాలు. చివరి 100 అన్నది చాలా ముఖ్యం. అది బరువు సంకేతం, 100 అంటే 800 కిలోలు. 104 అంటే 900, 108 అంటే 1000. ఎస్ వేగానికి గుర్తు, 180 కిలోమీటర్లు, దాని జోలికి మనం పోము. పీచుతో ఉన్న కొబ్బరికాయ కిలో పైమాటే, వెయ్యి కాయలు వేస్తే టన్ను దాటుతుంది. బండీ లోడూ కలిసి మూడు టన్నులనుకుంటే, అందులో రెండు టన్నులు వెనక ఇరుసు మీద పడితే, ఒక్కొక్క వెనక టైరు వెయ్యి కిలోలు మోయాలి. రిమ్ము సరిపోయింది కదా అని జీపు టైరు పికప్‌కి తగిలిస్తే, ప్రతి లోడుకీ 200 కిలోలు అదనం. అది ఆ రోజే పేలదు. మే నెలలో, రోడ్డు మీద, వేడెక్కి పేలుతుంది.

పక్కన చిన్న గుండ్రటి గడిలో నాలుగంకెలుంటాయి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఒకచోట మాకు మంచి తగ్గింపు ధర చెప్పారు. అంకెలు చూస్తే ఆ టైర్లకి అయిదేళ్ల వయసు! రబ్బరు వాడకపోయినా గాలిలోని ఆక్సిజనూ ఓజోనూ దాన్ని తింటాయి. మా నాన్న దండం పెట్టి వచ్చేశారు.

గాలి ఉదయం బండి కదలకముందే చూడాలి, ఎందుకంటే మూసిన టైరులో పీడనం నిరపేక్ష ఉష్ణోగ్రతని బట్టి పెరుగుతుంది. 30 డిగ్రీల దగ్గర 35 పౌండ్లున్నది 60 డిగ్రీలకి 40 చూపిస్తుంది. ‘ఎక్కువైంది’ అని దారిలో గాలి తీసేస్తే, చల్లారాక తక్కువవుతుంది. తక్కువ గాలితో టైరు ఎక్కువ నలుగుతుంది, నలిగితే మళ్లీ వేడి. బారువ ఇసకలో ఖాళీ బండి దిగబడినప్పుడు మాత్రం గాలి సగానికి తీస్తే వైశాల్యం రెట్టింపై పైకి వస్తుంది. రోడ్డెక్కే ముందు మళ్లీ నింపాలి.

రెండు టైర్లకే డబ్బుంటే కొత్తవి ఎక్కడ వేయాలి? ఈ ప్రశ్న మీద మా షాపు మేస్త్రితో గంటసేపు వాదన. “ఏటి బాబూ, ముందు టైరు పేలితే స్టీరింగు నీ సేతిలో ఉంటాదా?” అన్నాడు. మాట కాదనలేం. కాని పేలేంత పాడైన టైరు ఏ మూలా ఉండకూడదు, వెనకైనా సరే. వానలో ముందు టైర్లు జారితే బండి తిన్నగా పోతుంది, వేగం తగ్గిస్తే దారికొస్తుంది. వెనక జారితే తోక తిరిగి బండే గిర్రున తిరుగుతుంది. కాయ దింపి ఖాళీగా వచ్చే పికప్‌కి వెనక బరువే ఉండదు, కనుక జారేదీ వెనకే. కొత్తవి వెనక్కే వేయించాం. మేస్త్రి తల అడ్డంగా ఊపుతూనే బోల్టులు బిగించాడు.

స్టెప్నీకి గాలి కొట్టమని మేమే గుర్తుచెయ్యాల్సొచ్చింది. దాని నాలుగంకెలూ చదివాం, అది 2014 సరుకు. పదేళ్లు దాటితే అరగకపోయినా తీసేయమని తయారీదారులే చెబుతారు. పాతవాటిలో మెరుగైన ఒకదాన్ని ఆ స్థానంలో పెట్టించి ఇంటికొచ్చాం.