శిల్పమున నదీరూపము

ముండ్లమూరు సీమకు పడమరగా, దొనకొండ ప్రాంతమున, గుండ్లకమ్మ యొడ్డున చందవరమను గ్రామము కలదు. అచటి సింగరకొండపై నొక బౌద్ధస్తూపము వెలసియున్నది. (అద్దంకి చెంతనున్న సింగరకొండ వేఱు.) 1964లో వెలుగులోనికి వచ్చిన యీ క్షేత్రమున 1972-77 నడుమ త్రవ్వకములు జరిగెను. అనుదినము నదిని చూచుచు ఱాతిని చెక్కు శిల్పికి ఒక చిక్కు సహజముగ నెదురగును: కదలని దానియందు కదలుదానిని చూపుట యెట్లు? భారతీయ శిల్పమున దీనికి మూడు సమాధానములు కాన్పించుచున్నవి. వానిని ఇందు వివరింపదలచితిమి.

మొదటిది నదిని స్థలముగ చూపుట. సాంచి తూర్పుతోరణముపై నైరంజనానదీ ఘట్టము దీనికి నిదర్శనము. ఒకదాని వెంట నొకటి సాగు అలలరేఖలే యందు నీరు. నీటిని పైనుండి చూచినట్లును, పడవను చెట్లను ప్రక్కనుండి చూచినట్లును చెక్కిరి. బుద్ధుని రూపము లేదు. చంక్రమణశిల యొక్కటియే ఆయన యునికిని తెలుపును. అమరావతి శిల్పులు ఆ నదిని దాటుటను పాదముద్రలతో సూచించిరి. ఒక్క ఫలకమున రెండు దృష్టులు కలియుట శిల్పి యెఱుగనితనము కాదు. ప్రక్కనుండి చూచినచో నది సన్నని గీతయై పోవును. కథ జరుగుటకు చోటు చాలదు. ఆ చోటు కల్పించుటకే శిల్పి నదిని నిలువుగా పఱచెనని మా యభిప్రాయము.

రెండవది నదిని దేవతగ చూపుట. మకరముపై గంగయు, కూర్మముపై యమునయు నిలుతురు. తుంగభద్రాతీరమున, 7, 8 శతాబ్దులనాటి అలంపుర నవబ్రహ్మాలయముల ద్వారములయందు వీరిని చూడవచ్చును. ఇచట నది కథాస్థలము కాదు. గర్భగృహమునకు పోవువానిని పావనము చేయు శక్తి. అయినను మొదటి పద్ధతి నశించినపిదప రెండవది పుట్టెననుట సరికాదు. విదిశ సమీపమున, 5వ శతాబ్దినాటి ఉదయగిరి వరాహగుహలో, దేవతలు అలలరేఖల నడుమనే నిలిచియున్నారు.

మూడవది శిలనే నదిగ భావించుట. మహాబలిపురమున 7వ శతాబ్ది శిల్పులు పెద్దబండలోని సహజమైన చీలికలో నాగులను చెక్కి, దానిని ప్రవాహముగ మార్చిరి. ఆ శిల్పమును గంగావతరణమనువారును, అర్జునతపస్సనువారును కలరు; ఎట్లైనను చీలిక నదియే. నల్లమల ప్రాంతపు భైరవకోనలో శిల్పులు ఎనిమిది శివగుహలను తొలిచిరి. అచట జలపాతమును చెక్కవలసిన పనిలేదు. అది కోనలోనే దుముకుచున్నది.

దీనివలన తేలునదేమన, నదీశిల్పమునకు అర్థము ఱాతిలో కొంతయు, ఆ ఱాయి నిలిచిన చోట కొంతయు నుండును. చోటు పోయిన నర్థము కొఱవడును. చందవరమునుండి అపహృతమైన బుద్ధారాధకుల ఫలకమును ఆస్ట్రేలియా జాతీయ కళాప్రదర్శనశాల 2005లో కొని, 2016లో మన దేశమునకు తిరిగి యిచ్చెను. ఫలకము మరలి వచ్చుట సంతోషమే. కాని ఒక ఱాయి స్తూపమున నే దిక్కున నిలిచెనో, అచటికి నది యే వైపున కనబడుచుండెనో ముందుగనే వ్రాసియుంచనిచో, మరలి వచ్చిన ఱాయి సగమే మాట్లాడును.

కావున ఉపాధ్యాయులు విద్యార్థులను గ్రంథములతో తృప్తిపడనీయక గుండ్లకమ్మ యొడ్డునకు కొనిపోవలెను. ప్రతి ఱాతికిని ఛాయాచిత్రము, కొలత, దిక్కు నమోదు చేయించవలెను. పరిశోధన యనగా నిది, రక్షణయు నిదియే.