ఐర్లండువారి ఒంటికుండ విందు

పబ్బు అనగానే మన పెద్దలు మొగం చిట్లిస్తారు. తాగుడు తప్ప అక్కడ మరేమీ ఉండదని మన నమ్మకం. కాని ఐర్లండులో పబ్బు మన రచ్చబండవంటిది. పల్లెటూళ్లలో ఒకప్పుడు అదే పచారీ కొట్టు కూడా. ఒక బల్లమీద టీపొడి, పంచదార అమ్మేవారు. మరో బల్లమీద పానీయాలు పోసేవారు. ఇప్పుడు అక్కడి భోజనానికి కూడా ఎంతో పేరు వచ్చింది. చిత్రమేమంటే, ఆ భోజనం పబ్బులో పుట్టింది కాదు. పబ్బుల్లో విరివిగా భోజనం పెట్టడం ఇరవయ్యో శతాబ్ది ద్వితీయార్ధంలో వచ్చిన వాడుక. అంతకుముందు అది బీదరైతు ఇంటి పొయ్యిమీది వంట. కనుక దాన్ని ఇంట్లో వండుకోవడమంటే పుట్టింటికి తీసుకురావడమే!

మా తమ్ముడు ఉద్యోగరీత్యా గాల్వేలో ఉంటున్నాడు. వేసవి సెలవుల్లో నేను అక్కడ ఉన్న నెల్లాళ్లలో, పొరుగింటి ముసలమ్మగారు మా మరదలికి ఈ వంట నేర్పారు. ఉల్లిపాయలు తరిగే పని నాకు అప్పగించారు. చూసినది చూసినట్టు చెబుతాను.

మొదటిది ఐరిష్ స్ట్యూ. నలుగురికి ఎముకతో ఉన్న గొర్రెమాంసం కిలో, బంగాళాదుంపలు కిలో, ఉల్లిపాయలు అరకిలో కావాలి. దుంపల్లో సగం పలచని చక్రాలుగా కోసి కుండ అడుగున పరచాలి. ఇవి కరిగి పులుసుకు చిక్కదనం ఇస్తాయి. దానిమీద మాంసం, ఆపైన ఉల్లి, అన్నిటికన్న పైన మిగతా దుంపలు పెద్ద ముక్కలుగా వెయ్యాలి. ఉప్పు, మిరియాలపొడి చల్లి, ముక్కలు మునగడానికి కాస్త తక్కువగా నీళ్లు పోసి, మూతపెట్టి సన్నని సెగమీద రెండు గంటలు ఉంచాలి. తెర్లనివ్వకూడదు. దించాక పార్స్లీ ఆకు చల్లుకోవచ్చు. తాలింపు లేదు, మసాలా లేదు, మద్యం చుక్క కూడా లేదు! పులిహోరకు చింతపండా, నిమ్మకాయా అని మనం వాదించుకున్నట్టే, ఇందులో కారట్ వెయ్యవచ్చునా, కూడదా అని అక్కడివారు వాదించుకుంటారు.

మాంసం ముట్టనివారికి కొల్కానన్ ఉంది. ఉడికిన దుంపలు మెత్తగా చిదిపి, వేడిపాలు, ఉడికించిన కాబేజీ తరుగు, ఉల్లికాడలు కలపాలి. పళ్లెంలో గుట్టగా పెట్టి నడుమ గుంటచేసి వెన్న వేస్తారు. అంచునుంచి కొంచెం కొంచెం తీసి వెన్నలో అద్దుకొని తింటారు. అన్నంలో గుంటచేసి నెయ్యి పోయించుకునే మన పిల్లలకు ఈ విద్య నేర్పక్కరలేదు. అక్టోబరు 31 రాత్రి పండుగకు ఇందులో ఉంగరం దాచే ఆచారం ఉంది. ఎవరి ముద్దలో వస్తే వారికి త్వరలో పెళ్లి అని నమ్మకం.

వీటితో నంజుకోవడానికి సోడా రొట్టె. 450 గ్రాముల మైదా, చెంచాడు వంటసోడా, చెంచాడు ఉప్పు, సుమారు 350 మిల్లీలీటర్ల పుల్లమజ్జిగ చాలు, ఈస్టు అక్కరలేదు. మజ్జిగలోని పులుపు సోడాతో కలిసి, పుట్టిన వాయువు పిండిని పొంగిస్తుంది. అందుచేత ఎక్కువసేపు పిసకరాదు, కలిపాక ఆలస్యం చెయ్యరాదు. గుండ్రంగా చేసి, పైన నిలువుగా ఒకటి, అడ్డంగా ఒకటి లోతుగా గాట్లు పెట్టి, 200 డిగ్రీల వేడిలో 45 నిమిషాలు కాల్చాలి. అడుగున తట్టిచూస్తే డొల్ల చప్పుడు రావాలి. పూర్వం ఇనుపకుండలో పెట్టి మూతమీద నిప్పులు వేసి కాల్చేవారు.

అన్నీ ఒకే కుండలో, అన్నిటా దుంపే! ఎందుకని? దక్షిణ అమెరికానుంచి వచ్చిన ఆ దుంపే బీదవాణ్ణి బతికించింది. పండిన ధాన్యం, పెంచిన పశువు కౌలుకు పోయేవి. మిగిలిన చిన్న చెక్కలో సంసారాన్ని పోషించగల పంట అదొక్కటే. బీదలు నాటింది చాలావరకు లంపర్ అనే ఒకే రకం. 1845లో తెగులు తగిలి దుంపలు భూమిలోనే కుళ్లిపోయాయి. 1852 వరకు సాగిన కరువులో సుమారు 10 లక్షలమంది చనిపోయారు. మరో 10 లక్షలమంది ఓడలెక్కి దేశాలు పట్టిపోయారు. ఆ ఏళ్లలోనే ఐర్లండు రేవులనుంచి ధాన్యమూ, పశువులూ ఇంగ్లండుకు ఎగుమతి అవుతూ ఉన్నాయి! 1846లో మన కలకత్తానుంచి చందాలు పోగుచేసి పంపారు. 1832–33 నాటి గుంటూరు కరువును మనవారు సంవత్సరం పేరుతో నందన కరువన్నారు. ఐర్లండువారు తమ కరువుకు తమ భాషలో పెట్టుకున్న పేరు ‘మహా ఆకలి’.

దుంప తొక్కు మందంగా తీస్తే ముసలమ్మగారు ఎందుకు ఊరుకోలేదో నాకు అప్పుడు బోధపడింది. మిగిలిన దుంపముద్దను కూడా ఆమె మర్నాడు బిళ్లలుగా తట్టి వెన్నలో వేయించారు.

ఒక ఆదివారం మీరూ వండి చూడండి. పులుసు ఎలాగూ రెండు గంటలు ఉడకాలి. ఆ వ్యవధిలో పిల్లలను దగ్గర కూర్చోబెట్టుకొని ఈ కథ చెప్పండి. ఆ పూట ఎవరూ పళ్లెంలో మెతుకు వదలరు.