గోదావరి ఒడ్డుకు సద్ది కట్టుకుని వెళ్తున్నారా?

కార్తీకమాసం వస్తే మా మంథనిలో గౌతమేశ్వరస్వామి గుడి దగ్గర గోదావరి ఒడ్డు ఆడవాళ్లతో నిండిపోతుంది. తెల్లవారకముందే స్నానాలు, దీపాలు, ఆ తర్వాత పిల్లాజెల్లాతో వనభోజనాలు. పులిహోర కలపడం దగ్గర్నుంచి కొబ్బరికాయ మరిచిపోకుండా సంచిలో పెట్టడం దాకా అన్నీ మనమే చూసుకుంటాం కదా! మరి నీళ్ల దగ్గర జాగ్రత్త మాత్రం మగవాళ్లు చూసుకుంటార్లే అని ఎందుకు వదిలేయాలి?

మన అత్తలకు తెలిసిన గోదావరి వేరు. ఎండాకాలంలో ఎక్కడ నడిచి దాటొచ్చో, ఎక్కడ మడుగు ఉందో వాళ్లకు కంఠతా వచ్చు. 2019లో సుందిళ్ల, అన్నారం బ్యారేజీలు వచ్చాక ఇసుక మీద నీళ్లు నిలిచాయి. 2023 అక్టోబరులో మేడిగడ్డ బ్యారేజీ కుంగింది, ఆ తర్వాత ఈ రెండూ ఖాళీ చేశారు. పైన ఎల్లంపల్లి గేట్లెత్తితే నీటిమట్టం ఒక్క పూటలోనే మారిపోతుంది. దానికి తోడు ఇసుక తవ్విన గుంతలు. అందుకే నిరుడు మోకాలిలోతు ఉన్నచోట ఈ ఏడు నిలువులోతు ఉండొచ్చు. 2025 జూన్‌లో మేడిగడ్డ దగ్గర స్నానానికి దిగిన ఆరుగురు కుర్రాళ్లు మునిగిపోయారు. ఆ తల్లుల సంగతి తలుచుకుంటే ముద్ద దిగదు.

కాబట్టి మెట్లున్న ఘాట్‌లోనే దిగండి. పిల్లలు దిగేముందు ఇంట్లో పెద్దవాళ్లు ఒకరు కర్రతో లోతు చూడాలి. తడిసిన చీర కాళ్లకు చుట్టుకుంటుంది, ఈత వచ్చినవాళ్లను కూడా లాగేస్తుంది. కుచ్చిళ్లు ఎగదోపి, గొలుసు పట్టుకుని మునగండి. బతుకమ్మను నిమజ్జనం చేసేటప్పుడు చీకటి పడుతుంది, మెట్లు పాచిపట్టి ఉంటాయి. అప్పుడు చంటిపిల్లను చంకనెత్తుకుని నీళ్లలోకి దిగవద్దు.

ఎవరైనా మునుగుతుంటే వెంటనే దూకకండి. ఒకరి వెంట ఒకరు పోయేది అట్లాగే. పొడి చీర ఒకటి మెలిపెట్టి విసిరినా తాడులా పనికొస్తుంది. ఒడ్డుకు తెచ్చాక తలకిందులుగా పట్టుకుని తిప్పడం, పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం మనవాళ్ల అలవాటు. అది మానాలి. ఊపిరి ఆడకపోతే ముక్కు మూసి నోట్లోకి గాలి ఊదాలి, రొమ్ము మధ్యలో గట్టిగా, వెంటవెంటనే నొక్కుతూ ఉండాలి. ఈలోగా ఎవరైనా 108కి ఫోన్ చేయాలి.

పడవ ఎక్కాలనుకుంటే ముందు లైఫ్ జాకెట్ అడగండి. లేదంటే ఎక్కకండి, మొహమాటం వద్దు. చేతిలో పట్టుకుంటే, కాళ్లకింద వేసుకుంటే లాభం లేదు, బకిల్స్ అన్నీ పెట్టుకోవాలి. పెద్దవాళ్ల జాకెట్ పిల్లలకు వేస్తే నీళ్లలో పైకి జారిపోతుంది. 2019 సెప్టెంబరు 15న పాపికొండలు చూడ్డానికి బయల్దేరిన బోటు కచ్చులూరు దగ్గర మునిగింది. అప్పుడు గోదావరి వరద మీద ఉంది. వరంగల్ పక్కన కడిపికొండ నుంచే 14 మంది ఎక్కారు, చాలామంది తిరిగి రాలేదు. వరదలో విహారమేమిటని అడిగేవాళ్లు ఇంటికి ఒక్కరుండాలి. గయ్యాళి అన్నా సరే!

ఇక మొసళ్లు. మంథనికి దగ్గర్లోనే శివ్వారం అభయారణ్యం ఉంది, అందులో ఎల్‌మడుగు వాటి ఇల్లు. చేపలే వాటి ముఖ్యమైన తిండి, ఊరికే మన మీదికి రావు. కానీ ఎండాకాలంలో ఒడ్డున ఇసుకలో గుంత తీసి గుడ్లు పెడతాయి, తల్లి కాపలా కాస్తుంది. కడుపుతో ఉన్న ఆవు దగ్గరికి పోతేనే ఊరుకోదు, ఇది ఊరుకుంటుందా? రాళ్లు విసరడం, మిగిలిన అన్నం, మాంసం ముక్కలు వేయడం అసలు వద్దు. తిండి అలవాటైతే మనుషులుండే చోటికే వస్తాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొసలికి పులితో సమానంగా రక్షణ ఇచ్చింది. చంపితే, గుడ్లు తీస్తే కనీసం మూడేళ్ల జైలు.

దీపాలు వదిలేవాళ్లు థర్మోకోల్ దొన్నెలు మానేసి అరటి దొప్పలు తెచ్చుకోండి. పూజ పూలు కవరుతో సహా నీళ్లలో వేయకండి, తాబేళ్లు ఆ కవర్లు మింగుతాయి.

ఎల్‌మడుగు చూడాలంటే అటవీశాఖవాళ్ల అనుమతితో చలికాలం పొద్దున పూట వెళ్లండి. రాళ్ల మీద ఎండ కాగుతూ కనిపిస్తాయి. సర్వపిండి మాత్రం ఇంటి దగ్గరే తినిపించి తీసుకెళ్లండి.