పరుపు కొనునపుడు నేతగాని కన్ను

గత వేసవిలో మా షోలాపురము సంఘ కార్యాలయమునకు ఒక సభ్యుడు వచ్చి, కొత్తగా కొన్న పరుపు మీద రెండు నెలలుగా నిద్ర లేదని మొరపెట్టుకొనెను. ముప్పది ఏండ్లు గుంటమగ్గములో కూర్చున్న మనిషి, నడుమునొప్పి పాతదే. దుకాణదారు "వెన్నుకు మంచిది" అని చెప్పి వాయిదాల మీద ఒక దళసరి ఫోము పరుపు అంటగట్టెనట. పండుకొన్నచోట గుంట పడుచున్నది, తెల్లవారుసరికి వీపంతయు తడిసిపోవుచున్నది. "దీనికంటె మన చాపయే మేలు గదండీ, సెక్రటరీ గారూ" అనెను.

మేము వారి యింటికి పోయి చూచితిమి. "మేలైన కాటను" అని చెప్పి ఇచ్చిన పైగుడ్డ అంచునుండి ఒక పోగు లాగి అగ్గిపుల్ల చూపించితిమి. నూలైనచో కాగితము కాలిన వాసనతో మండి మెత్తని బూడిద కావలెను. ఇది ముడుచుకొని నల్లని గట్టి పూస అయినది. పాలియెస్టరు! ఈ పరీక్ష మన యిండ్లలో పదేండ్ల పిల్లకు కూడ తెలియును. చీర కొన్నను, పంచె కొన్నను చేయుదుము. వేలు పోసి పరుపు కొనునపుడు మాత్రము మన విద్య మనకే గుర్తుకు రాదు. దుకాణములో నిప్పు పెట్టనీయరు, నిజమే. పైగుడ్డ తునక ఒకటి అడిగి తెచ్చుకొనవచ్చును. ఇయ్యననువాని వద్ద కొననక్కరలేదు.

పైగుడ్డకు ఇంత పట్టుదల ఏల యందురా? సాధారణమైన గాలితేమలో 100 పాళ్ల నూలు సుమారు ఎనిమిదిన్నర పాళ్ల తేమను పట్టుకొనును. పాలియెస్టరు అర పాలు కూడ పట్టదు. అందుచేత చెమట గుడ్డలోనికి ఇంకక ఒంటికే అంటుకొని యుండును. దాని క్రింద ఫోము. అందులో గాలి మెల్లగా కదలును, ఒంటి వేడి అక్కడనే నిలుచును. ఆ రెంటి నడుమ ప్లాస్టికు తొడుగు కూడ ఉన్నచో ఇక చెప్పనక్కరలేదు. పైన ఎంత చక్కని చేనేత దుప్పటి పరచినను లోపలి లోపము తీరదు.

లోపలి సరకును ఊరినిబట్టి ఎంచుకొనవలెను. దూది చెమటను పీల్చును, కాని పీల్చినది ఎండవలెను గదా. షోలాపురము ఎండకు, పొడిగాలికి దూది గాదీ (ఇచట పరుపును గాదీ యందురు) దివ్యముగా నుండును. యానాములోను బరంపురములోను ఉన్న మనవారికి సముద్రపు తేమగాలి. అచట దూది చెమ్మగిలి ఉండలు కట్టును. తరచు ఎండ చూపనిచో ముక్క వాసన కొట్టును. అట్టిచోట బూరుగుదూది మేలు. బూరుగు పోగు లోపల బోలుగా, పైన మైనపు పూతతో నుండును. నీరు పట్టదు, తేలిక. అందుకే పూర్వము నీటిలో తేలుటకు తొడుగుకొను రక్షణ చొక్కాలలో దానిని కూరెడివారు. అణగినను ఎండలో వేసిన మరల పొంగును. నున్నగా, పొట్టిగా నుండుటచే వడుకుటకు లొంగదు గనుక మన మగ్గములకు అది పరాయి సరకే. కాని దానికి తగిన గుడ్డ మనదే. పల్చని నేతలోనుండి బూరుగు పొడుచుకొని వచ్చి ముక్కులో దూరును. పేకను దగ్గరగా కొట్టిన ట్విల్లు నేత కావలెను. వెలుతురుకు ఎదురుగా పట్టినచో బెజ్జములు కనబడరాదు. అయినను నోటికానించి ఊదిన ఊపిరి అవతలి అరచేతికి తగులవలెను. కొబ్బరిపీచు పరుపులో గాలి బాగుగా ఆడును, కాని గట్టిది. పైన పలుచని దూది పరుపు వేసికొనిన సరిపోవును.

ఇక గట్టిదా, మెత్తనిదా? నడుమునొప్పి గలవారు బల్ల మీదనో కటికనేల మీదనో పండుకొనవలెనని మనలో గట్టి నమ్మకము. మేమును చాలమందికి అట్లే చెప్పితిమి, అది పొరపాటు. స్పెయిన్ దేశమున దీర్ఘకాలపు నడుమునొప్పి గల 313 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు గట్టి పరుపులు, రెండవ జట్టుకు మధ్యరకపు పరుపులు ఇచ్చి 90 దినములు చూచిరి. 2003లో లాన్సెట్ అను వైద్యపత్రికలో వచ్చిన ఆ ఫలితము ప్రకారము, మధ్యరకము మీద పండుకొన్నవారికే నొప్పి ఎక్కువ తగ్గినది. అయితే మధ్యరకమన్నది అందరికి ఒక్కటి కాదు. 45 కిలోల మనిషికి బల్లవలె తోచు పరుపు 90 కిలోల మనిషి క్రింద గుంట పడును.

కనుక మీ ఒంటితోనే కొలుచుకొనుడు. వెల్లకిల పండుకొని నడుము క్రింద అరచేయి దూర్చుడు. చేయి అడ్డులేక ఆడినచో పరుపు మీకు గట్టిది. దూరనే దూరనిచో పిరుదులు దిగబడినవన్నమాట. కొద్ది ఒరిపిడితో పోవలెను. ప్రక్కకు తిరిగి పండుకొను అలవాటున్నవారికి భుజము, తుంటి కొంచెము దిగవలెను గాన పైపొర మెత్తగా నుండవలెను. దుకాణములో సిగ్గుపడక పది నిమిషములు పండుకొని చూడుడు. ఒక్క చీరకు నలువది మడతలు విప్పించువారికి ఇందులో సిగ్గేమి? చంటిబిడ్డలకు మాత్రము మెత్తని పరుపు, దిండు కూడదు; ముఖము కూరుకొని ఊపిరాడకపోవు ప్రమాదము కలదు. నొప్పి కాలిలోనికి దిగి తిమ్మిరెక్కుచున్నను, మూత్రము పట్టు తప్పినను అది పరుపుతో తీరునది కాదు, వెంటనే వైద్యునికి చూపవలెను.

మా సభ్యుని పరుపును దుకాణదారు వాపసు తీసికొనలేదు. అటకమీది పాత గాదీ విప్పించి, దూది ఏకించి, కొంత కొత్త దూది కలిపి కుట్టించితిమి. మా సంఘము పరుపుగుడ్డ నేయుట మాని చాలకాలమైనది గనుక, కావలసిన ఆరు గజములు ఆయనే తన మగ్గము మీద నేసికొని, ఉతికి కుంచించుకొన్న తరువాత కుట్టుకు ఇచ్చెను. ఇప్పుడు నిద్ర పట్టుచున్నదట. ఫోమునుండి ఒక చదరపు ముక్క కోసి మగ్గపు పీట మీద వేసికొనెను. దాని వాయిదాలు ఇంకను ఏడు కట్టవలసి యున్నవి.