పుస్తకం కోసం కాగితమే చేసిన పసిపిల్ల!

పుస్తకాలంటే ప్రాణం పెట్టే అమ్మాయి. భూకంపం వచ్చి ఆ పుస్తకాలే మీద పడి ప్రాణం పోయింది. కళ్లు తెరిచి చూస్తే మరో లోకం. తానేమో అయిదేళ్ల రోగిష్టి పిల్ల. ఇల్లంతా గాలించినా అక్షరమున్న ముక్క ఒక్కటీ లేదు. ఇక ఎలా బతకడం?

జపాన్ దేశంలో పిల్లలతోపాటు పెద్దలూ ఆసక్తిగా చదివిన ఒక బొమ్మల కథ ఇలా మొదలవుతుంది. అక్కడ బొమ్మల కథలను మాంగా అంటారు. వాటిని మన పుస్తకాల్లా కాక కుడి నుంచి ఎడమకు చదువుకుంటూ పోవాలి. ఈ కథ పేరు 'హోన్‌జుకి నో గెకోకుజో'. హోన్‌జుకి అంటే పుస్తకాలంటే ఇష్టపడే మనిషి. గెకోకుజో అంటే కింద వున్నవారు పైవారిని మించిపోవడం.

రచయిత్రి మియా కజుకి దీనిని 2013లో ఇంటర్నెట్‌లో, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా విడతలు విడతలుగా రాయడం మొదలుపెట్టారు. 2015లో అచ్చు పుస్తకంగా వచ్చింది. అదే ఏడు సుజుకా గీసిన బొమ్మలతో మాంగా కూడా మొదలైంది. 2019లో టీవీకి ఎక్కింది.

మనిషి మరో లోకానికి వెళ్లే కథలు జపాన్‌లో కోకొల్లలు. వాటిని ఇసెకై కథలంటారు. చాలా కథల్లో వెళ్లినవాడికి కత్తో, మంత్రమో చిక్కుతుంది. రాక్షసులను తెగటార్చి వీరుడవుతాడు. ఈ కథలో పిల్లకు నాలుగడుగులు వేస్తే ఆయాసం, అయిదో అడుగుకు జ్వరం. ఆమె వెంట వచ్చిందల్లా పూర్వజన్మలో చదివిన చదువే.

పలకతో మొదలు

ఆ అమ్మాయి అసలు పేరు ఉరానో మోతోసు. గ్రంథాలయంలో ఉద్యోగం ఖాయమై, ఇక చేరడమే తరువాయి అనగా చనిపోయింది. కొత్త జన్మలో పేరు మైన్. ఎరెన్‌ఫెస్ట్ అనే నగరంలో పేదల పేట. తండ్రి గుంటర్ నగర ద్వారం వద్ద కావలి సైనికుడు. తల్లి ఎఫా అద్దకం పనికి వెళుతుంది. అక్క తూలి కుట్టుపని నేర్చుకుంటుంది.

ఆ లోకంలో పుస్తకాన్ని జంతువు తోలుపై చేత్తో రాస్తారు. ఒక తోలుకు వచ్చే పుటలు కొన్నే. అందుకే పుస్తకం ధనికుల సొత్తయింది. సైనికుడి జీతంతో దాన్ని తాకను కూడా తాకలేరు. అక్షరాలైనా నేర్చుకుందామని మైన్ తండ్రి పనిచేసే ద్వారం వద్దకు వెళ్లింది. ఒట్టో అనే సైనికుడు పలకా బలపం ఇచ్చి నేర్పాడు. బదులుగా ఆమె అతనికి లెక్కలు చేసిపెట్టింది.

మూడుసార్లు భంగపాటు

కొనలేకపోతే తానే చేయాలనుకుంది మైన్. ప్రాచీన ఈజిప్టువారు రెల్లు వంటి మొక్క నుంచి చేసిన పపైరస్ గుర్తొచ్చింది. గడ్డిపోచలు అల్లితే అరచేతిలో పట్టే ముక్క వచ్చేసరికే ఓపిక అయిపోయింది. మెసొపొటేమియావారిలా మట్టి పలకలు చేసింది. కాల్చబోతే పొయ్యిలో పేలిపోయాయి. పూర్వం జపాన్‌వారు రాసుకున్నట్టు చెక్కముక్కలపై రాసింది. తల్లి వంటచెరకనుకొని పొయ్యిలో పెట్టేసింది!

తల్లి తప్పేముంది? అక్షరం తెలియని ఇంట్లో చెక్క చెక్కే.

చెట్టు బెరడు నుంచి

చివరికి మిగిలింది కాగితం. అది చేయాలంటే కట్టెలు కొట్టాలి, నీళ్లు మోయాలి. అవి పక్కింటి కుర్రవాడు లుట్జ్ చేశాడు. లుట్జ్ తండ్రి కట్టుబడి పనివాడు. కొడుకూ చేతిపనే పట్టాలంటాడు. కొడుకుకేమో వ్యాపారిగా ఊళ్లు తిరగాలని కోరిక. పనిముట్లకు పెట్టుబడి బెన్నో అనే వర్తకుడిది. ఊరికే కాదు. మైన్ కనిపెట్టిన తలంటు ద్రవం తయారీ రహస్యం అతని చేతికి వచ్చాకనే.

కథలో వాళ్లు చేసింది జపాన్ సంప్రదాయ కాగితం 'వాషి' పద్ధతే. లేత కొమ్మలు ఆవిరిపై ఉడికించి బెరడు ఒలుస్తారు. పై పొట్టు గీకి, నారను బూడిద నీళ్లలో ఉడికించి, కడిగి, దంచి గుజ్జు చేస్తారు. అందులో జిగురు కలుపుతారు. జపాన్‌లో ఈ జిగురు తీసేది మన బెండకు దగ్గరి చుట్టమైన మొక్క వేరు నుంచి! సన్నని వెదురు పుల్లల చాపతో గుజ్జును పొరగా ఎత్తి, నీరు పిండి, చెక్కలపై ఆరబెడతారు. ఈ చేతిపనిని 2014లో యునెస్కో మానవాళి వారసత్వంగా గుర్తించింది.

కాగితం రాగానే కష్టాలు తీరలేదు. తోలు పుటలు చేసేవారి సంఘం తమ పొట్ట కొడుతున్నారని అడ్డుపడింది. అధికార పత్రాలకు తోలు, మిగతా వాటికి చెట్టు కాగితం అని రాజీ కుదరాల్సి వచ్చింది.

జ్వరం వెనుక కథ

మైన్ జ్వరానికీ కారణముంది. ఒంట్లో మంత్రశక్తి పేరుకుపోయి లోలోపల దహించే జబ్బు అది. ఆ శక్తిని లాగేసే పరికరాలు పెద్దింటివారి వద్దే వున్నాయి. వారి బిడ్డలు బతుకుతారు, పేదింటి బిడ్డ పోతుంది. పుస్తకమూ మందూ ఒకేచోట, డబ్బున్నవారి గుమ్మం లోపలే వున్నాయన్నమాట.

ఏడో ఏట మత సంస్కారానికి ఆలయానికి వెళ్లిన మైన్‌కు అక్కడ గ్రంథాలయం కనిపిస్తుంది. గది నిండా పుస్తకాలు. ఆత్రంగా లోపలికి వెళ్లబోతే కంటికి కనపడని అడ్డు నెట్టేసింది. పిల్ల గుమ్మం ముందే బావురుమంది. ఆ గుమ్మం దాటడానికి ఆమె పడే పాట్లే తరువాతి కథ. అయిదు భాగాల ఈ కథ అచ్చులో 33 సంపుటాలకు పెరిగి 2023లో ముగిసింది.

కల మైన్‌దే. కానీ కట్టెలు కొట్టింది లుట్జ్, డబ్బు పెట్టింది బెన్నో, అక్షరం నేర్పింది ఒట్టో. ఒక్క కాగితం వెనుక ఇన్ని చేతులున్నాయి. చదివిన పుస్తకాన్ని మూలన పడేసే ముందు ఈ పిల్లను ఒక్కసారి తలుచుకుంటే చాలు.