మంచు ఈడ్చుకొచ్చిన రాళ్ల వయసెంత?

కోట్ల ఏళ్ల కిందట హిమానీనదం ఈడ్చుకొచ్చి పడేసిన రాళ్లమట్టి వయసు ఎలా తెలుస్తుంది? అందులో ఇసుక రేణువంత జిర్కాన్ గింజలుంటాయి. జిర్కాన్ పుట్టేటప్పుడు యురేనియంని లోపలికి రానిస్తుంది, సీసాన్ని దాదాపు రానివ్వదు. అంటే ఇప్పుడు లోపలున్న సీసం యురేనియం క్షీణించి వచ్చిందే. రెండూ కొలిస్తే వయసు తేలుతుంది.

ఆగండి, అది గింజ వయసు, పొరది కాదు! హుండీలో 1990, 2005, 2019 నాణేలు దొరికాయనుకోండి. 2019కి ముందే మూసేశారంటే నమ్ముతామా? ఇక్కడా అంతే. అన్నిటికన్నా చిన్న గింజని చూడాలి, పొర అంతకంటే పాతది కాలేదు. ఎంత కొత్తదో మాత్రం చెప్పలేం.

అసలు అదృష్టం మంచు పొరల మధ్య అగ్నిపర్వత బూడిద దొరకడం. అందులోని జిర్కాన్ ఆ పేలుడుకి కాస్త ముందు పుట్టిందే. నమీబియాలోని ఘౌబ్ పొరల్లో అలాగే దొరికింది. 2004లో వచ్చిన లెక్క: సుమారు 63.5 కోట్ల ఏళ్లు. భూమి దాదాపు మొత్తం గడ్డకట్టిందని చెప్పే మారినోవన్ మంచుయుగం నాటిదన్నమాట.